కంటికి ఒకటి, ప్రోగ్రాముకు రెండు: సీ భాషలో స్ట్రింగుల పోలిక ఎక్కడ తప్పుతుంది

సీ నేర్చుకోవడం మొదలుపెట్టిన కొద్ది వారాలకే చాలామంది రాసే ప్రోగ్రాము ఒకటి ఉంది. అది ఒక రహస్య సంకేతం అడుగుతుంది, టైపు చేసినదాన్ని "1234" తో పోల్చి చూస్తుంది, రెండూ ఒకటైతే స్వాగతం చెబుతుంది. కంపైలర్ ఏ తప్పూ చూపదు, ప్రోగ్రాము నడుస్తుంది, కానీ 1234 అని టైపు చేసి ఎంటర్ నొక్కగానే సంకేతం తప్పని జవాబు వస్తుంది. అనుమానం వచ్చి, చదివిన స్ట్రింగును తెరమీద ముద్రించి చూస్తే అక్కడ చక్కగా 1234 అనే కనిపిస్తుంది. ఇక పోలిక రాసిన వరుసలోనే ఏదో లోపం ఉందనుకొని దాన్ని పదిరకాలుగా మార్చి చూడడం మొదలవుతుంది.

పోలిక దగ్గర బయటపడే తప్పుల్లో చాలావరకు పోలిక దగ్గర పుట్టినవి కావు. అవి అంతకు ముందే, కీబోర్డు నుంచో ఫైలు నుంచో అక్షరాలు మెమరీలోకి చేరేటప్పుడే పుడతాయి. ఈ సంగతి అర్థం కావాలంటే స్ట్రింగ్ అనే మాటకు సీ భాష ఏ అర్థం ఇచ్చిందో మొదట చూడాలి.

సున్నాతో ముగిసే బైట్ల వరుస

తరువాతి కాలంలో వచ్చిన అనేక భాషల్లో స్ట్రింగ్ అనేది పూర్ణాంకంలాగే స్వతంత్రమైన ఒక డేటా రకం. దాని పొడవు దానితోనే ఉంటుంది, రెండు స్ట్రింగులను సమాన గుర్తుతో నేరుగా పోల్చవచ్చు. సీలో అటువంటి రకం లేదు. అక్కడ ఉన్నది చార్ అనే రకపు అర్రే (ఒకే రకపు విలువలను పక్కపక్కన ఉంచే వరుస) మాత్రమే, ఆ చార్ కూడా ఒక బైటు పరిమాణం గల చిన్న పూర్ణాంకమే. ఆస్కీ పట్టికలో 1 అనే అంకెకు 49, 2 కు 50, ఇలా వరుసగా సంఖ్యలు కేటాయించి ఉంటాయి కాబట్టి ప్రోగ్రాములో "1234" అని రాస్తే మెమరీలో ఉండేది ఇది:

49 50 51 52 0

చివరి సున్నా మనం టైపు చేసిన అక్షరం కాదు. స్ట్రింగు అక్కడితో ముగిసిందని చెప్పే గుర్తు అది, దాన్నే నల్ అక్షరం అంటారు. సున్నా అనే అంకెకు ఆస్కీ సంఖ్య 48 కాబట్టి ఈ రెండింటికీ పొరపాటు పడే అవకాశం లేదు. పొడవు లెక్కించే స్ట్ర్‌లెన్ ఈ సున్నా ఎదురయ్యేదాకా బైట్లను లెక్కపెట్టి 4 అని చెబుతుంది, కానీ ఆ స్ట్రింగు ఉండడానికి కావలసిన చోటు 5 బైట్లు. ఈ ఒక్క బైటు తేడా మీద ఎన్ని గంటల శ్రమ వృథా అయిందో లెక్క కట్టడం కష్టం.

ఈ ఏర్పాటు సీ కంటే పాతది. బీసీపీఎల్ అనే భాషలో స్ట్రింగు మొదటి బైటులో దాని పొడవు ఉండేది. దాని నుంచి కెన్ థాంప్సన్ రూపొందించిన బీ భాషలో పొడవును తీసేసి చివర ఒక గుర్తు పెట్టారు, డెనిస్ రిచీ సీ భాషలో అదే పద్ధతి కొనసాగింది. పొడవును ఒక చిన్న గడిలో ఉంచితే స్ట్రింగు పరిమాణానికి హద్దు ఏర్పడుతుంది, పైగా ఆ లెక్కను ఎప్పటికప్పుడు సరిచూసుకోవడం కంటే ముగింపు గుర్తే సౌకర్యంగా ఉందని అనుభవంలో తేలింది అనేవి రిచీ స్వయంగా చెప్పిన కారణాలు. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టేవారు నేటికీ ఉన్నారు. పొడవు తెలియకపోవడం వల్లే హద్దు దాటి రాయడం ఇంత సులభమైందని వారి వాదన. అప్పటి యంత్రాల మెమరీని దృష్టిలో పెట్టుకుంటే అది సమంజసమైన ఎంపికేనని, ఎంత పెద్ద స్ట్రింగునైనా మధ్య నుంచి చివరిదాకా ఒక్క పాయింటర్‌తో (మెమరీలోని ఒక చోటి చిరునామాను దాచుకునే విలువతో) సూచించగలగడం ఆ ఎంపిక ఇచ్చిన లాభమేనని అవతలివారు అంటారు. రెండు వాదనల్లోనూ నిజం ఉంది.

సమాన గుర్తు చిరునామాలను పోలుస్తుంది

మొదటి రకం తప్పు ఇలా ఉంటుంది: ఇఫ్ (సంకేతం == "1234"). ఇక్కడ సంకేతం ఒక అర్రే పేరు. ఇటువంటి చోట అర్రే పేరు దాని మొదటి బైటు ఉన్న చిరునామాగా మారిపోతుంది, కుడివైపు ఉన్న "1234" కూడా మెమరీలో తాను ఉన్న చోటి చిరునామాగానే మారుతుంది. కాబట్టి ప్రోగ్రాము అడుగుతున్న ప్రశ్న ఈ రెండింటిలో ఒకే అక్షరాలు ఉన్నాయా అన్నది కాదు, ఈ రెండూ మెమరీలో ఒకే చోట ఉన్నాయా అన్నది. అర్రేకు దాని చోటు దానికి ఉంది కనుక జవాబు ఎప్పుడూ లేదనే వస్తుంది.

ఇందులో అసలు ఇబ్బంది ఈ తప్పు ఒక్కోసారి సరిగ్గా పనిచేస్తున్నట్టు కనబడడం. ప్రోగ్రాములో రెండు చోట్ల "1234" అని రాసి, వాటిని రెండు పాయింటర్లకు ఇచ్చి సమాన గుర్తుతో పోల్చితే, కంపైలర్ ఆ రెండింటినీ కలిపి మెమరీలో ఒకే ప్రతి ఉంచవచ్చు. అలా కలపాలా వద్దా అన్నది సీ భాష ప్రమాణం (భాష నియమాలను నిర్దేశించే అధికారిక పత్రం) కంపైలర్‌కే వదిలేసింది. అందుకే పరీక్ష కోసం రాసిన చిన్న ప్రోగ్రాములో పోలిక నెగ్గుతుంది, కీబోర్డు నుంచి చదవడం మొదలుపెట్టగానే ఓడిపోతుంది. హెచ్చరికలన్నీ చూపమని అడిగితే జీసీసీ, క్లాంగ్ అనే కంపైలర్లు రెండూ నేరుగా "1234" తో సమాన గుర్తు పెట్టి చేసే పోలికను వేలెత్తి చూపుతాయి. ఆ హెచ్చరికలను కట్టేసి పనిచేయడమే చాలాచోట్ల తప్పు దాగడానికి కారణం.

దీనికి దగ్గరి చుట్టమైన తప్పు మరొకటి ఉంది. ఒకే అర్రేలోకి ఒకదాని తరువాత ఒకటి పేర్లు చదువుతూ, ప్రతిసారీ ఆ అర్రే చిరునామాను పాయింటర్ల పట్టికలో దాచుకుంటారు. చివరకు పట్టికంతా చివరి పేరే కనిపిస్తుంది, ఎందుకంటే దాచుకున్నది అక్షరాలను కాదు, ప్రతిసారీ కొత్తగా తిరగరాసిన ఒకే చోటు చిరునామాను. ఏ చోటునూ సూచించని పాయింటర్‌లోకి నేరుగా చదవడం కూడా ఇలాంటిదే. అక్షరాలు ఎక్కడో రాయబడతాయి, ఎక్కడన్నది ఎవరికీ తెలియదు.

ఎంటర్ మీట కూడా ఒక అక్షరమే

అక్షరాలను పోల్చడానికి ఉన్న ఫంక్షన్ స్ట్ర్‌కంప్. అది రెండు స్ట్రింగులను మొదటి నుంచి బైటు బైటుగా చూసుకుంటూ పోతుంది, తేడా కనిపించినా, ఇద్దరికీ ఒకేసారి సున్నా ఎదురైనా ఆగుతుంది. దాన్ని వాడాక కూడా 1234 సరిపోలడం లేదంటే చదివిన పద్ధతిని చూడాలి.

ఒక వరుసను చదవడానికి ఎక్కువగా సూచించే ఫంక్షన్ ఎఫ్‌గెట్స్. దానికి అర్రే పరిమాణం చెబితే అంతకంటే ఒకటి తక్కువగా అక్షరాలు చదివి, చివర సున్నా పెడుతుంది. ఎంటర్ మీట పంపే న్యూలైన్ అనే అక్షరం ఎదురైతే అక్కడ ఆగుతుంది, కానీ ఆ న్యూలైన్‌ను పారేయదు, స్ట్రింగులోనే ఉంచుతుంది. న్యూలైన్‌కు ఆస్కీ సంఖ్య 10. అందువల్ల మెమరీలో పరిస్థితి ఇది:

కావలసినది: 49 50 51 52 0
చదివినది: 49 50 51 52 10 0

ఐదో బైటు దగ్గర ఒకవైపు 0, ఇంకోవైపు 10. స్ట్ర్‌కంప్ చెప్పిన జవాబు నూటికి నూరుపాళ్లు సరైనదే. ముద్రించి చూసినప్పుడు ఆ 10 అనేది తెరమీద కేవలం తరువాతి వరుసకు దూకడంగా కనిపిస్తుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఇక్కడొక విచిత్రమైన సందర్భాన్ని నిదానంగా చూడడం మంచిది. అర్రే పరిమాణం సరిగ్గా 5 అని ఊహించండి. ఎఫ్‌గెట్స్ నాలుగు అక్షరాలు మాత్రమే చదవగలదు, కాబట్టి 1234 చదివి సున్నా పెట్టి ఆగుతుంది. పోలిక నెగ్గుతుంది! న్యూలైన్ ఇంకా ఇన్‌పుట్‌లోనే మిగిలి ఉంది. ఆ తరువాత ఎవరో, చోటు చాలదేమోనని, అర్రే పరిమాణాన్ని 100 చేస్తారు. ఇప్పుడు న్యూలైన్‌కు కూడా చోటు దొరుకుతుంది, అది స్ట్రింగులో చేరుతుంది, నిన్నటిదాకా నెగ్గిన పోలిక ఓడిపోతుంది. చోటు పెంచితే ప్రోగ్రాము చెడిపోవడమేమిటన్న ఆశ్చర్యానికి సమాధానం ఇంతే. నిజానికి 5 ఉన్నప్పుడు కూడా ప్రోగ్రాము సరిగ్గా లేదు. మిగిలిపోయిన న్యూలైన్ తరువాతి ఎఫ్‌గెట్స్‌కు ఖాళీ వరుసగా చేరుతుంది, ఆ తప్పు ఇంకెక్కడో బయటపడుతుంది.

న్యూలైన్‌ను తొలగించడానికి స్ట్ర్‌లెన్ చెప్పిన పొడవులోంచి ఒకటి తీసేసి ఆ చోట సున్నా పెట్టే పద్ధతి వాడుకలో ఉంది. దానికి రెండు బలహీనతలు ఉన్నాయి. ఫైలు చివరి వరుసకు న్యూలైన్ లేకపోవచ్చు, అప్పుడు అసలైన చివరి అక్షరమే పోతుంది. స్ట్రింగు ఖాళీ అయితే పొడవు సున్నా, అందులోంచి ఒకటి తీస్తే, గుర్తు లేని (రుణ విలువలు ఉండని) పూర్ణాంకం కాబట్టి, అతి పెద్ద సంఖ్య వస్తుంది. స్ట్ర్‌సీస్పన్ అనే ఫంక్షన్ ఈ రెండు చిక్కులనూ తప్పిస్తుంది. మనం చెప్పిన అక్షరాల్లో ఏదైనా మొదట ఎక్కడ ఎదురవుతుందో అది చెబుతుంది, ఎదురవకపోతే సున్నా ఉన్న చోటునే ఇస్తుంది. ఆ చోట సున్నా రాస్తే న్యూలైన్ ఉన్నా లేకపోయినా ఫలితం సరిగ్గా ఉంటుంది. విండోస్‌లో తయారైన టెక్స్ట్ ఫైలును లినక్స్‌లో చదివితే వరుస చివర 13, 10 అనే రెండు బైట్లు వస్తాయి. న్యూలైన్‌ను మాత్రమే తీసేస్తే 13 మిగిలి, మళ్లీ అదే కథ మొదలవుతుంది. అందుకే అనుభవం ఉన్నవారు ఆ రెంటినీ కలిపి వెతుకుతారు.

స్కాన్‌ఎఫ్ వరుసలను చదవదు

స్కాన్‌ఎఫ్‌తో స్ట్రింగు చదివితే న్యూలైన్ చిక్కు ఉండదు కదా అన్న ప్రశ్న సహజమే. పర్సెంట్ ఎస్ అనే సూచనతో చదివినప్పుడు అది ముందున్న ఖాళీలను దాటేసి, మళ్లీ ఖాళీ గానీ న్యూలైన్ గానీ వచ్చేదాకా చదివి ఆగుతుంది. ఆగిన చోటి అక్షరాన్ని మాత్రం ఇన్‌పుట్‌లోనే వదిలేస్తుంది. ఫలితంగా రెండు మాటల పేరు టైపు చేస్తే మొదటి మాటే అందుతుంది, రెండోది తరువాతి ప్రశ్నకు జవాబుగా వెళ్లిపోతుంది.

వయసు అడిగి, ఆ తరువాత పేరు అడిగే ప్రోగ్రామును తీసుకుందాం. వయసును స్కాన్‌ఎఫ్‌తో, పేరును ఎఫ్‌గెట్స్‌తో చదువుతున్నారు. 25 అని టైపు చేసి ఎంటర్ నొక్కితే ఇన్‌పుట్‌లో చేరేవి 50, 53, 10 అనే మూడు బైట్లు. స్కాన్‌ఎఫ్ మొదటి రెండింటిని తీసుకొని వయసు 25 అని లెక్క కడుతుంది, 10 మిగిలిపోతుంది. వెంటనే వచ్చిన ఎఫ్‌గెట్స్ ఆ 10 ని చూసి వరుస ముగిసిందని తేల్చుకుంటుంది. పేరు టైపు చేసే అవకాశమే రాకుండా ప్రోగ్రాము ముందుకు పోతుంది. ఒకే అక్షరాన్ని చదివే పర్సెంట్ సీ సూచన కూడా ఇలాగే మిగిలిన న్యూలైన్‌ను ఎత్తుకుంటుంది. దాని ముందు ఒక ఖాళీ ఉంచితే ఆ న్యూలైన్ దాటిపోతుంది, కానీ పర్సెంట్ ఎస్ ముందు ఆ ఖాళీ అవసరమే లేదు.

దీనికి విరుగుడుగా ఎఫ్‌ఫ్లష్‌ను ఇన్‌పుట్ మీద పిలవమని చాలా పాఠాల్లో కనిపిస్తుంది. ఎఫ్‌ఫ్లష్ పని అవుట్‌పుట్‌ను బయటకు నెట్టడం, ఇన్‌పుట్ మీద దాని ప్రవర్తనను సీ ప్రమాణం నిర్వచించలేదు. కొన్ని కంపైలర్లలో అది కోరుకున్నట్టే పనిచేసింది కనుకనే ఆ అలవాటు వ్యాపించింది, ఇంకో యంత్రం మీద అదే ప్రోగ్రాము పాత తప్పుకు తిరిగి వస్తుంది. న్యూలైన్ వచ్చేదాకా, ఒక్కొక్క అక్షరాన్నే చదివే గెట్‌చార్‌తో చదివి పారేయడం ప్రమాణానికి లోబడిన దారి. అయితే గెట్‌చార్ ఇచ్చేది పూర్ణాంకం. దాన్ని చార్‌లో దాచుకుంటే ఇన్‌పుట్ ముగింపు గుర్తును గుర్తించడం కొన్ని యంత్రాల మీద విఫలమవుతుంది.

మొదటి పాఠంలోనే స్కాన్‌ఎఫ్ నేర్పవచ్చా అన్నదానిమీద అధ్యాపకుల్లో ఏకాభిప్రాయం లేదు. ఒకే వరుసలో సంఖ్యను చదవగలగడం కొత్తవారికి ఊరట అని కొందరంటారు, అది నిజమే. మనిషి టైపు చేసే ఇన్‌పుట్ ఎప్పుడూ వరుసలుగా వస్తుంది కనుక ముందు వరుసంతా ఎఫ్‌గెట్స్‌తో తీసుకొని, తరువాత అందులోంచి సంఖ్యను వేరుచేయడమే నిలకడైన పద్ధతి అని మరికొందరంటారు. నా మొగ్గు రెండోవైపే. రెండు పద్ధతులనూ ఒకే ప్రోగ్రాములో కలపడం మాత్రం ఏ వర్గమూ సమర్థించదు.

హద్దు దాటినప్పుడు, కత్తిరించినప్పుడు

వెడల్పు చెప్పని పర్సెంట్ ఎస్, గెట్స్ అనే పాత ఫంక్షన్ రెండూ అర్రే ఎంత పెద్దదో తెలియకుండానే రాసుకుంటూ పోతాయి. నాలుగు బైట్ల అర్రేలోకి 1234 చదివితే చివరి సున్నా అర్రే దాటి పడుతుంది. దాని పక్కనే మరో స్ట్రింగు ఉంటే దాని మొదటి బైటు సున్నా అయిపోయి, ఎవరూ ముట్టుకోని ఆ స్ట్రింగు ఖాళీగా మారవచ్చు. పోల్చిన స్ట్రింగు ఒకటి, పాడైన స్ట్రింగు ఇంకొకటి.

1988 నవంబరు 2 న ఇంటర్నెట్‌లో వ్యాపించిన మోరిస్ వర్మ్ (యంత్రం నుంచి యంత్రానికి తనంతట తానే పాకే హానికర ప్రోగ్రాము) వాడుకున్న దారుల్లో ఒకటి ఇదే. ఫింగర్ అనే సేవను అందించే ప్రోగ్రాము 512 బైట్ల బఫర్‌లోకి (చదివినదాన్ని ఉంచే అర్రేలోకి) గెట్స్‌తో చదివేది, అంతకంటే పొడవైన వరుసను పంపి దాన్ని లొంగదీసుకున్నారు. గెట్స్‌ను సీ ప్రమాణం నుంచి పూర్తిగా తొలగించడానికి మాత్రం 2011 దాకా పట్టింది.

హద్దు తెలిసిన ఫంక్షన్లతో మరో చిక్కు వస్తుంది, అది కత్తిరింపు. ఎనిమిది బైట్ల అర్రేలోకి 12345678, 12345679 అనే రెండు సంకేతాలను హద్దులో ఉంచి చదివితే రెండూ 1234567 గానే మిగులుతాయి, స్ట్ర్‌కంప్ వాటిని సమానమని చెబుతుంది. హద్దు చెప్పి స్ట్రింగును నకలు చేసే స్ట్ర్‌ఎన్‌కాపీ ఇంకొంచెం మోసపూరితమైనది. మూలం పొడవు ఎక్కువైతే అది చివర సున్నా పెట్టదు, ఆ తరువాతి పోలిక అర్రే దాటి ఎక్కడిదాకా చదువుతుందో చెప్పలేం. ఈ లోటు తీర్చడానికి ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ బృందం స్ట్ర్‌ఎల్‌కాపీని తెచ్చింది, అది ఎప్పుడూ సున్నాతో ముగిస్తుంది. గుట్టుగా కత్తిరించడం కూడా తప్పే కాబట్టి అది సమస్యను దాచిపెడుతుందని, లినక్స్‌లో వాడే సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీ నిర్వాహకులు ఏళ్లపాటు అభ్యంతరం చెప్పారు. చివరకు 2023 లో వచ్చిన 2.38 సంచికలో దాన్ని చేర్చుకున్నారు. తిరిగి ఇచ్చే సంఖ్యను పరిశీలిస్తే కత్తిరింపు జరిగిందో లేదో తెలుస్తుందన్న సమర్థకుల మాట సరైనదే, ఆ సంఖ్యను చూడకుండా వదిలేసేవారు ఎక్కువన్న విమర్శా సరైనదే.

స్ట్ర్‌కంప్ ఇచ్చేది అవునూ కాదూ కాదు

స్ట్ర్‌కంప్ ఒక సంఖ్యను ఇస్తుంది. సమానమైతే సున్నా, మొదటిది వరుసక్రమంలో ముందుంటే రుణ సంఖ్య, తరువాత ఉంటే ధన సంఖ్య. సీలో సున్నా అంటే అబద్ధం కాబట్టి, ఫలితాన్ని నేరుగా ఇఫ్‌లో పెడితే స్ట్రింగులు వేరైనప్పుడే లోపలి భాగం నడుస్తుంది. తప్పు సంకేతాలన్నిటినీ ఒప్పుకొని సరైనదాన్ని మాత్రమే తిరస్కరించే ప్రోగ్రాములు ఇలాగే పుడతాయి.

ఆ సంఖ్య 1 లేదా −1 అని ఊహించుకోవడం మరో పొరపాటు. గుర్తు ఏమిటన్నదే ప్రమాణం చెప్పింది, విలువ ఎంతన్నది చెప్పలేదు. దీని తీవ్రత 2012 లో మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ డేటాబేస్‌లలో బయటపడింది. పాస్‌వర్డ్ సరిచూసే చోట, స్ట్ర్‌కంప్‌లాగే బైట్లను పోల్చే మెమ్‌కంప్ ఇచ్చిన సంఖ్యను ఒక బైటు వెడల్పు గల రకంలోకి కుదించారు. కొన్ని యంత్రాల మీద మెమ్‌కంప్ 256 లాంటి పెద్ద సంఖ్యలను ఇవ్వగలదు, ఒక బైటులో 256 అంటే సున్నాయే. అంటే సుమారు 256 ప్రయత్నాల్లో ఒకసారి ఏ తప్పు పాస్‌వర్డ్ అయినా సరైనదిగా చెల్లిపోయేది.

వరుసక్రమం కూడా బైట్ల సంఖ్యల ప్రకారమే ఉంటుంది. "10", "9" అనే స్ట్రింగులను పోల్చితే 49 కంటే 57 పెద్దది కనుక "10" ముందు వస్తుంది. సంఖ్యలుగా పోల్చాలంటే ముందు వాటిని సంఖ్యలుగా మార్చాలి. స్ట్ర్‌ఎన్‌కంప్ మొదటి కొన్ని అక్షరాలనే చూస్తుంది కాబట్టి, నాలుగు అక్షరాలు పోల్చమంటే 1234 కు బదులు 123499 టైపు చేసినా ఒప్పుకుంటుంది.

తెలుగు అక్షరాలు వచ్చినప్పుడు

ఇంతదాకా ఒక అక్షరానికి ఒక బైటు అన్న లెక్కతో నడిచాం. ప్రపంచ లిపులన్నిటికీ సంఖ్యలు కేటాయించే యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు యూనికోడ్ అక్షరం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. "తెలుగు" అనే మాటలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, మళ్లీ కొమ్ము అని 6 యూనికోడ్ అక్షరాలున్నాయి. కాబట్టి స్ట్ర్‌లెన్ 18 అని చెబుతుంది, అర్రేకు కనీసం 19 బైట్లు కావాలి. 9 బైట్ల అర్రేలోకి ఎఫ్‌గెట్స్‌తో చదివితే 8 బైట్లే వచ్చి, ల అనే అక్షరం మూడింట రెండు వంతుల దగ్గర తెగిపోతుంది.

అయినా స్ట్ర్‌కంప్ తెలుగు మాటలను సమానమా కాదా అని చెప్పగలుగుతుంది. 1992 లో రాబ్ పైక్‌తో కలిసి యూటీఎఫ్-8 రూపొందించినది బీ భాషలో ముగింపు గుర్తు పెట్టిన ఆ కెన్ థాంప్సనే. పెద్ద అక్షరాల బైట్లలో ఎక్కడా సున్నా రాకుండా, ఆస్కీ అక్షరంగా పొరబడే బైటు లేకుండా దాన్ని కూర్చారు, అందుకే పాత ఫంక్షన్లు చెక్కుచెదరకుండా నిలిచాయి.

కానీ కంటికి ఒకటిగా ఉండి బైట్లలో వేరయ్యే సందర్భాలు ఇక్కడ ఇంకా ఎక్కువ. "తై" లోని ఐత్వాన్ని ఒకే యూనికోడ్ అక్షరంగా రాయవచ్చు, అప్పుడు మొత్తం 6 బైట్లు. ఎత్వం పెట్టి దాని కింద ఐత్వపు గుర్తును విడిగా చేర్చినా యూనికోడ్ ప్రకారం అది అదే అక్షరం, అప్పుడు 9 బైట్లు. స్ట్ర్‌కంప్ ఈ రెండింటినీ వేరని చెబుతుంది. పొల్లుతో ముగిసే మాట చివర, పక్క అక్షరంతో కలవకుండా ఆపే కనబడని యూనికోడ్ అక్షరం ఒకటి కొన్ని కీబోర్డుల నుంచి చేరుతుంది, దాని బైట్లు 226, 128, 140. చివర అది ఉన్న మాటకూ లేని మాటకూ తెరమీద తేడా ఉండదు.

ఇటువంటి చోట ప్రింట్‌ఎఫ్‌తో స్ట్రింగును ముద్రించి చూడడం వల్ల ఏమీ తెలియదు, బైట్లను ఒక్కొక్కటిగా సంఖ్యల రూపంలో ముద్రిస్తేనే విషయం బయటపడుతుంది. అప్పుడు కూడా ప్రతి బైటును గుర్తు లేని చార్‌గా మార్చి చూడాలి. లేకపోతే, చార్‌కు గుర్తు ఉండే యంత్రాల మీద, ప్రతి తెలుగు అక్షరానికీ మొదట వచ్చే 224 అనే బైటు −32 గా కనిపిస్తుంది.